రాయికోడ్ బస్సు గీసినామె

మొన్నామధ్య రాయికోడ్ నుంచి ఒక పెద్దమనిషి పాస్‌బుక్కు జిరాక్స్ తీయించుకోవడానికి మా దుకాణానికి వచ్చాడు. కాగితాలు మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాక కూడా కదలలేదు. గోడకు కట్టిన ఖాళీ తాడు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"బిడ్డా, గా ముసల్ది దిగిందా?" అని అడిగాడు.

పక్కనున్న గిరాకీలు తెల్లమొహం వేశారు. నాకు మాత్రం వెంటనే తెలిసింది. ఆ తాడుకు ఒకప్పుడు బట్టల క్లిప్పులతో బొమ్మల పుస్తకాలు వేలాడేవి. జహీరాబాద్ నుంచి రాయికోడ్ పోయే ఒక బస్సు కథ. ఒక్కో పుస్తకంలో ఒక్కో ప్రయాణికుడు దిగిపోతాడు. దిగి ఎక్కడికి పోయాడు, ఏం చేశాడు అన్నదే ఆ పుస్తకం. చివరికి బస్సులో డ్రైవరు, కండక్టరు, వెనక సీట్లో గంప ఒళ్ళో పెట్టుకుని కూచున్న ఒక ముసలమ్మ మిగిలారు. అక్కడ పుస్తకాలు ఆగిపోయాయి. పెద్దమనిషి అడుగుతున్నది ఆ ముసలమ్మ గురించి.

"అవి గీసినామె చనిపోయింది పెద్దనాయనా," అన్నాను.

"అరెరె," అన్నాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి, "మరి బస్సో?" అన్నాడు.

ఆమె పోయినప్పుడు వచ్చినవాళ్ళు జబ్బేమిటని, దవాఖాన ఏదని, దుకాణం ఎవరికిస్తారని అడిగారు. బస్సు సంగతి అడిగిన మొదటి మనిషి ఇతనే. నేను మిషను మీది దుమ్ము తుడిచాను. ఆ బస్సు ఏడాదిగా నడిరోడ్డు మీద నిలబడి ఉంది. దాన్ని కదిలించాలంటే గీసే చెయ్యి కావాలి, నాకున్నది జిరాక్స్ మిషను.

ఆమె పేరు ఇక్కడ రాయను. తన పుస్తకాల మీద తనే ఎన్నడూ రాసుకోలేదు, నేను రాస్తే లేచొచ్చి తిడుతుంది. వెనక అట్ట కింది మూల, పేరుండాల్సిన చోట, ఒక హవాయి చెప్పు బొమ్మ ఉండేది. పట్టీ ఊడిపోకుండా పిన్నీసు గుచ్చిన చెప్పు. ఆమె కాలికి ఉన్నదీ అదే చెప్పు. పేరు పెట్టక్కా, నలుగురికీ తెలుస్తుంది అని నేను పోరేదాన్ని.

"పేరు వెడితే పేరే జూస్తరు చెల్లె. బొమ్మ ఎవ్వరు జూడరు," అనేది. ఆ మాట మీద ఇంకో మాట పడనిచ్చేది కాదు.

మా రెండు షట్టర్లూ జహీరాబాద్ పాత బస్టాండు వెనక గల్లీలో పక్కపక్కనే ఉండేవి. ఆమెది మగ్గం వర్కు డిజైన్లు గీసే దుకాణం. పెళ్ళి జాకెట్ల మీద నెమళ్ళు, ఏనుగులు, మామిడిపిందెలు. పల్చటి ట్రేసింగు కాగితం మీద డిజైను గీసి, గీత పొడుగునా సూదితో బెజ్జాలు పొడుస్తుంది. దాన్ని ఖాకా అంటారు. ఖాకాను బట్ట మీద పరిచి, గ్యాసునూనెలో, అంటే కిరోసిన్‌లో కలిపిన నీలిపొడిని దూదితో రుద్దితే, బెజ్జాల్లోంచి చుక్కలు చుక్కలుగా నెమలి బట్ట మీదికి దిగుతుంది. ఆ చుక్కల మీద మగ్గం పనివాళ్ళు జరీ కుడతారు. ఒక్క ఖాకాతో ఎన్ని జాకెట్లకైనా అదే నెమలి. ఆమె దుకాణంలోకి వెళితే ముందు గ్యాసునూనె వాసన తగిలేది, తరవాత ఆమె కనిపించేది. వేళ్ళు ఎప్పుడూ నీలంగా ఉండేవి. ఆ పొడి కిందికి రాలి కాలి గోళ్ళలో కూడా ఇరుక్కునేది. ఎన్ని పెళ్ళిళ్ళకు పిలిచినా నీలం గోళ్ళతోనే వచ్చేది.

నెమళ్ళు కూటికి, బస్సు తనకు. బొమ్మల పుస్తకం కూడా ఆమె ఖాకాలతోనే గీసేది. ఇట్లా గీసేవాళ్ళు ఇంకెక్కడైనా ఉన్నారని నేను వినలేదు. ఒక్కో మనిషిని ఒక్కసారి గీసి బెజ్జాలు పొడిచి పెట్టుకునేది. కండక్టరుకు ఒక ఖాకా, కాంపౌండరుకు ఒకటి, బజ్జీలామెకు ఒకటి. బస్సుకే ఒక పెద్ద ఖాకా. ఏ గడిలో ఎవరు కావాలంటే వాళ్ళ ఖాకా పరిచి పొడి నీలం రుద్దడం, ఆ చుక్కల మీద నల్ల పెన్నుతో గీత కలపడం. చేతులు, నోరు మాత్రం ప్రతిసారీ కొత్తగా గీసేది. మనిషి మాట్లాడేటప్పుడు మారేవి అవే అని ఆమె లెక్క.

పేజీ అయిపోగానే నా దగ్గరికి తెచ్చేది. మిషనును కొంచెం పల్చగా పెడితే నీలం జిరాక్సులో పడదు, నల్ల గీతే పడుతుంది. కింది చుక్కలన్నీ మాయమై, కండక్టరు శుభ్రంగా బయటికి వచ్చేవాడు.

"సూడు, తానం జేసి వచ్చిండు," అనేది ప్రతిసారీ. ఎన్నేళ్ళు విన్నా నాకు నవ్వొచ్చేది.

మాటలు కూడా నా దుకాణంలోనే దొరికేవి. బుడగలు ఖాళీగా ఉంచిన పేజీలు పట్టుకొచ్చి నా ప్లాస్టిక్ కుర్చీలో కూచునేది. జిరాక్సు కోసం నిలబడ్డవాళ్ళు ఊరికే ఉండరు కదా, ఒకామె కోడలి మీద, ఒకాయన తహసీలు ఆఫీసు మీద, ఎవరి గోల వారిది. ఈమె తలొంచుకుని వింటూ ఎక్కడో ఒక మాట పట్టుకుని బుడగలో వేసేది. ఒకసారి ఒక ఆసామి తాడు మీది పుస్తకం తిరగేసి, "గిది నేనన్న మాట గదా!" అని లేచాడు.

"అవ్, నీదే. గందుకే గంత మంచిగున్నది," అంది ఈమె. ఆయన ఏమనుకున్నాడో ఏమో, పుస్తకం కొనుక్కుని పోయాడు.

తన పని బాగుంది అంటే మాత్రం ఆమెకు చిరాకు. "ఏడ బాగుంది? ఏలు వెట్టి సూపెట్టు," అనేది. నోటికొచ్చినట్టు పొగిడి తప్పించుకోవడానికి వీల్లేదు. పేజీ మీద వేలు పెట్టి, ఇదిగో ఇక్కడ, ఈ గంప పట్టుకున్న వేళ్ళు, అని చెప్పాల్సిందే. నేను బొమ్మలు చూడటం నేర్చుకున్నది ఆ దబాయింపుకు భయపడే.

ఆమె చేతుల్లో పొరపాటు దొర్లగా నేను చూసింది ఒక్కసారి. పెళ్ళిళ్ళ సీజను, జాకెట్లు కుప్పగా పడి ఉన్నాయి, మధ్యలో బస్సు పేజీ. తొందరలో బజ్జీలామె ఖాకాను తిరగేసి పరిచింది. జాకెట్ల పనిలో అది రోజూ చేసేదే. ఎడమ చేతికి ఒక నెమలి వేసి, ఖాకా తిప్పితే కుడి చేతికి ఎదురు నెమలి వస్తుంది. మనుషులకు అట్లా కుదరదు. గీసి, జిరాక్సు తీసి, పిన్నులు కొట్టి, తాడుకు వేలాడదీసేదాకా మా ఇద్దరికీ తట్టలేదు.

తెల్లారి బజ్జీలామె స్వయంగా వచ్చింది. బస్టాండు మూల మీద మిర్చి బజ్జీల బండి పెట్టే మనిషి, ఆ బొమ్మ ఆమెను చూసి గీసిందే. నూనె కారుతున్న జల్లిగంటె చేతిలోనే ఉంది.

"ఏమే, నా మచ్చ ఏడ వోయింది? ఎడమ చెంపకుండె గదా, కుడి చెంపకెవరు వెట్టమన్నరు? పైట జూడు, సేటు పెండ్లాం లెక్క కుడి బుజం మీదికెల్లి ఏసినవ్. నన్ను మార్వాడీ జేసినవా?"

గల్లీ అంతా నవ్వింది. ఈమె పుస్తకం తెరిచి చూసింది, మొహం మాడ్చుకుంది. మళ్ళీ గీసి వేద్దామని నేనన్నాను. వద్దంది. తరవాతి పుస్తకం మొదటి పేజీలోనే, పక్క సీటులోని కాంపౌండరు బజ్జీలామెను అడుగుతాడు: "అక్కా, నీ మచ్చ పొద్దుగాల గా చెంపకుండె గదా?" బజ్జీలామె బుడగలో జవాబు: "బస్సు మర్లింది గదా. గందుకే."

మర్లడమంటే వెనక్కి తిరగడం. ఊళ్ళో అదొక సామెతైపోయింది. ఎవరైనా బొత్తాలు తప్పు పెట్టుకున్నా, కాగితాన్ని తలకిందులుగా మిషను మీద పెట్టినా, "బస్సు మర్లింది" అనేవాళ్ళం. బజ్జీలామె కోపం కూడా బజ్జీ నూనె చల్లారినంత సేపట్లో చల్లారింది. ఆ పుస్తకం కొనుక్కుపోయి బండికి కట్టుకుంది.

బస్సు దిగిపోయిన మనిషి ఖాకాను ఆమె తన దగ్గర పెట్టుకునేది కాదు. ఎవరి మొహం చూసి గీసిందో వాళ్ళకే పోయి ఇచ్చి వచ్చేది. "దిగినోళ్ళ మీద నాకేం హక్కున్నది?" అనేది. కాంపౌండరు తన బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. బజ్జీలామె చుట్ట చుట్టి బండి రేకు సందులో చెక్కింది.

ఆమె దుకాణంలో గిరాకీలకు కనిపించని లోపలి గోడ ఒకటి ఉండేది. అది ఆమెకు నచ్చిన ఆర్టిస్టుల గోడ. పాత వారపత్రికల్లోంచి కత్తిరించిన ఒకాయన బొమ్మలు ఉండేవి. కత్తిరించేటప్పుడే సంతకం కత్తెరకు పోయింది, ఆయనెవరో ఆమెకు తెలియదు. ఆ బొమ్మల్లో ఎంత వాన పడుతున్నా ఎవరూ గొడుగు విప్పరు, చంకలో పెట్టుకునే తడుస్తారు. అందుకని ఆయన్ను "గొడుగాయన" అనేది. పక్కన ఒక నాగపూర్ అమ్మాయి పుస్తకాలు. ఆ అమ్మాయి హాస్టలు మెస్సు గురించి మరాఠీలో బొమ్మల పుస్తకాలు వేసుకుంటుంది. ఇద్దరూ టపాలో పుస్తకాలు మార్చుకునేవారు, ఒకరినొకరు చూసుకున్నది లేదు. ఆ పైన మొగుడంపల్లిలో ఒకామె ఇంటి గోడకు ఎర్రమన్ను అలికి సున్నంతో వేసిన బార్డరు ఫోటో. ఆ ఇంటివాళ్ళు సున్నం వేశారని తెలిస్తే పని మానుకుని చూసి వచ్చేది.

వీళ్ళందరిలో పెద్దపీట లారీ పెయింటరుది. చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద, పంక్చరు దుకాణం పక్కన రేకుల షెడ్డులో ఉంటాడు. బీదర్ మనిషి. లారీల వెనక తలుపుల మీద పులులు, గుర్రాలు వేస్తాడు. ఆదివారం వస్తే ఆటో ఎక్కి పోయి, ఆయన పనిచేస్తుంటే వెనక ఇటుకల మీద కూచుని చూసేది. నేనూ అప్పుడప్పుడు వెంట వెళ్ళాను. ఇద్దరూ కన్నడం, ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడుకునేవారు. మాట్లాడుకునేవారు అనకూడదు, కొట్లాడుకునేవారు.

ఆర్టిస్టును కొలవడానికి ఆమెకున్నది ఒకటే కొలత, కాళ్ళు. మొహం ఎవరైనా గీస్తారట, పాదం నేలకు ఆనినట్టు గీయడమే గీయడమట. "కాళ్ళు రానోడు గడ్డి గీస్తడు," అనేది. మనుషుల్ని మడమల దాకా గడ్డిలోనో నీళ్ళలోనో నిలబెట్టేవాళ్ళు ఆమె లెక్కలో దొంగలు. పెయింటరు గుర్రాన్ని చూస్తే లారీ తలుపు తెరుచుకుని ఉరుకుతుందేమో అనిపించేది. డెక్కల దగ్గరికి వచ్చేసరికి మాత్రం దుమ్ము లేచేది. ఆయన గీసిన ప్రతి గుర్రం కిందా దుమ్మే.

"గింత మంచి గుర్రం ఇచ్చినవ్. డెక్కలేవయ్యా?"

"ఉరుకుతున్నది గదక్కా. దుమ్ము లేస్తది."

"మొన్న నిలవడ్డ గుర్రానికి గుడ లేపినవ్."

"గాలొచ్చింది."

"పులి గుడ గడ్డిల్నే ఉన్నది."

"పులి గడ్డిల ఉండక బస్టాండ్ల ఉంటదా అక్కా?"

ఆమె కడుపు పట్టుకుని నవ్వేది. నవ్వి, మళ్ళీ డెక్కల దగ్గరికే వచ్చేది. ఆయన మొండిగా ఇంకొంచెం దుమ్ము పూసేవాడు.

హైదరాబాదులో సొంతంగా బొమ్మల పుస్తకాలు వేసుకునే పిల్లలంతా కలిసి ఒక మేళా పెట్టి, ఈమెకూ ఒక బల్ల ఇచ్చారు. నన్ను వెంట తీసుకుపోయింది. జొన్నరొట్టెలు మూట కట్టుకుని పోయాం. ఆమె ఖాకా పరిచి రుద్ది చూపిస్తుంటే పిల్లలు చుట్టూ మూగారు. ఒక అబ్బాయి ఫోను పట్టుకుని, "మేడమ్, మీకు ఇష్టమైన ఇలస్ట్రేటర్లు ఎవరు?" అనడిగాడు. నాగపూర్ అమ్మాయిని చెప్పింది. గొడుగాయన్ను చెప్పింది. తరవాత చిరాగ్‌పల్లి పెయింటరును చెప్పింది. అబ్బాయి ఫోనులో వెతికి వెతికి, దొరకట్లేదండీ అన్నాడు.

"ఫోన్ల ఎట్ల దొరుకుతడు బాబు? షెడ్ల దొరుకుతడు. జర పొద్దుగాల్నే పోవాలె," అని దారి చెప్పింది. అబ్బాయి నిజంగానే వెళ్ళి ఆ గుర్రాలన్నీ ఫోటోలు తీసుకున్నాడట.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీ పక్కన కూచుంది. సదాశివపేట దాటాక అంది: "నాకు గా గుర్రం రాదు చెల్లె. సచ్చేదాక గీసినా రాదు. నా చెయ్యికి బెజ్జాలు గావాలె. వాడు ఒక్క గీత గుంజుతడు, గుర్రం లేస్తది."

"మరి ఆయనతోని ఒక్కనాడన్న అనవైతివి?"

"అంటే డెక్కలు నేర్చుకోడు," అంది.

ఆమెకు షుగరు. కాలి బొటనవేలికి పుండైంది. ఆ పిన్నీసు గుచ్చుకునే అయిందని నేనంటాను, కాదని ఆమె వాదించేది. సంగారెడ్డి దవాఖానలో వేలు తీసేశారు. నేను చూడ్డానికి వెళ్ళేసరికి కట్టుకట్టిన కాలిని దుప్పట్లో దాచుకుని ఉంది.

"ఇగ నన్ను గుడ గడ్డిల్నే నిలవెట్టాలె," అంది. నాకు ఏడుపొస్తుంటే తను నవ్వింది.

మాట మళ్ళించడానికి బస్సు సంగతి ఎత్తాను. ముసలమ్మ రాయికోడ్‌లో దిగుతుందా అని అడిగాను. అప్పటికే తాడు దగ్గర అందరూ అడుగుతున్న ప్రశ్న అది.

"దిగదు," అంది.

"మరి ఏడికి వోతది?"

"ఏడికి వోదు. అందర్ని దించి ఖాళీ బస్సు నడుపుమంటే డ్రైవర్‌కు మనసొప్పుతదా? ఎవరో ఒకరు తోడుండాలె గదా. రాయికోడ్ దాక పోతది, వాపస్ వస్తది."

"వాపస్ వచ్చుడు గుడ గీస్తవా? మల్ల మొదటికెల్లి?"

"వాపస్ వచ్చుడు అల్కనే చెల్లె. పోవుడే కష్టమైంది," అంది. అందులో అంత తేలికేమిటో నాకు అర్థం కాలేదు. మందుల మత్తులో అంటోంది అనుకున్నాను. అదే ఆఖరుసారి మాట్లాడుకోవడం. పుండు పైకి పాకింది, వానలు మొదలైన వారంలో పోయింది.

దుకాణం ఖాళీ చేయించడానికి ఆమె తమ్ముడు వచ్చినప్పుడు నెమళ్ళ ఖాకాలు మగ్గం పనివాళ్ళు పట్టుకుపోయారు. మిగిలిన చుట్ట ఒకటి, నీలిపొడి డబ్బా ఒకటి నేను అడిగి తీసుకున్నాను. చుట్టలో బస్సు, డ్రైవరు, కండక్టరు, గంప పెట్టుకున్న ముసలమ్మ ఉన్నారు. కాగితం కట్టల మీద అటకెక్కించి, రోజూ దాని కిందే కూచుని జిరాక్సులు తీశాను.

రాయికోడ్ పెద్దమనిషి వెళ్ళిపోయాక ఆ చుట్ట దించాను. గిరాకీలను కాసేపు ఆగమని, తెల్ల కాగితం మీద బస్సు ఖాకా పరిచాను. బస్సు మూతి కుడివైపు ఉంది. ప్రతి పుస్తకంలోనూ అంతే, ఎడమ నుంచి కుడికి, రాయికోడ్ దిక్కు. వాపసు రావాలంటే బస్సు మూతి ఎడమకు తిరగాలి. అది కొత్తగా ఎవరు గీయాలి అనుకుంటూ ఖాకా అంచు పట్టుకుని ఎత్తాను. ఎత్తి, తిప్పి పరిచాను. అంతే. బస్సు జహీరాబాద్ దిక్కు తిరిగి నిలబడింది.

అల్కనే అన్నది ఇదన్నమాట. దాచడమెందుకు, గిరాకీల ముందే బోరుమని ఏడ్చాను.

ముసలమ్మ ఒక్కతే వాపసు రావడం నాకు నచ్చలేదు. పొద్దున రాయికోడ్ పోయినవాళ్ళు సాయంత్రం ఇంటికి రారా? ఇంటింటికీ పోయి ఖాకాలు అడిగాను. కాంపౌండరు బల్ల మీది సామాను దించి అద్దం ఎత్తి ఇచ్చాడు. మిగిలినవాళ్ళూ ఇచ్చారు, పని కాగానే వాపసియ్యాలన్న షరతు మీద. బజ్జీలామె ఖాకా ఒక్కటే మొండికేసింది. బండి రేకులో ఉండి ఉండి బెజ్జాలన్నీ నూనె జిడ్డుతో పూడిపోయాయి, ఎంత రుద్దినా నీలం దిగలేదు. చివరికి ఆమే సూది పట్టుకుని నా దుకాణం మెట్టు మీద కూచుంది.

"నా మొకం నేనే పొడుసుకోవాలె గావట్టె," అని గొణుగుతూ పాత బెజ్జాలన్నీ మళ్ళీ తెరిచింది.

గీతలు కలపడానికి, నోళ్ళూ చేతులూ గీయడానికి పెయింటరు వచ్చాడు. లారీ తలుపుల మీద తిరిగిన చెయ్యి, చిన్న గడుల్లో మొదట ఇబ్బంది పడింది. బుడగల్లో మాటలు మామూలుగానే గిరాకీల దగ్గర దొరికాయి. ముసలమ్మకు మాత్రం బుడగ పెట్టలేదు. పుస్తకమంతా అయ్యాక చివరి గడి మిగిలింది. బస్సు జహీరాబాద్ బస్టాండులో ఆగుతుంది, మొదట ఒకరు దిగుతారు. ఎవరు దిగాలో మా ఇద్దరికీ తెలుసు, ఆ బస్సు గీసినామే. ఆమె తన ఖాకా ఎన్నడూ పొడుచుకోలేదు.

"మొకం నేనెయ్య. తిడుతది," అన్నాడు పెయింటరు.

"మొకం వద్దు. కాళ్ళు ఎయ్యి," అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. "నాకు కాళ్ళు రావు గదక్కా. నీకు దెల్వదా?"

అప్పుడు హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు ఆమె అన్న మాట చెప్పాను. సచ్చేదాక గీసినా నాకు ఆ గుర్రం రాదు అన్న మాట.

"గట్లన్నదా? నాతోని ఎన్నడు అనకపాయె," అన్నాడు. కాగితం చుట్టుకుని, చెప్పకుండా లేచి వెళ్ళిపోయాడు.

ఇక రాడనుకున్నాను. పంక్చరు దుకాణం మనిషి టైరు బిల్లులు జిరాక్సుకు తెచ్చినప్పుడు సంగతి తెలిసింది. పెయింటరు పనులన్నీ పక్కన పెట్టి, వచ్చిన ప్రతి డ్రైవరునూ క్లీనరునూ స్టూలు మీంచి దిగమంటున్నాడట. దిగుతున్న కాలును గీసుకుంటున్నాడట. షెడ్డు రేకుల నిండా కాళ్ళేనట. "నన్ను గుడ దింపిండు. మోకాళ్ళు గుంజుతున్నయ్," అన్నాడు పంక్చరు మనిషి.

ఆ తరవాత ఒక పొద్దున పేజీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. బస్సు మెట్టు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద. పిన్నీసు గుచ్చిన చెప్పు. వేళ్ళన్నీ ఉన్నాయి, బొటనవేలితో సహా. కింద బస్టాండు నేల ఉత్తగా ఉంది, గడ్డి లేదు, దుమ్ము లేదు.

"మంచిగున్నదన్నా," అన్నాను.

"ఏడ మంచిగున్నది?" అన్నాడు. అచ్చం ఆమెలాగే.

నేల మీది మడమ దగ్గర వేలు పెట్టి చూపించాను. ఆయన తలూపి, చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

కాపీలు తీసేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. గోళ్ళలో నీలం లేకపోతే అవి ఆమె కాళ్ళు కావు. నీలం మిషనులో పడదు. అందుకని ఆమె డబ్బాలో మిగిలిన పొడిని దూదితో అద్ది, ప్రతి కాపీలోనూ గోళ్ళ మీద చేత్తోనే పెట్టాను. పెయింటరు ముందే హెచ్చరించాడు, తిప్పిన ఖాకాల వల్ల అందరి జేబులూ పైటలూ మచ్చలూ అటువి ఇటయ్యాయి, సరిచేస్తానన్నాడు. వద్దన్నాను.

రాయికోడ్ పెద్దమనిషికి ఒకటి పక్కన పెట్టి, మిగిలినవి తాడుకు వేలాడదీశాను. మొదట బజ్జీలామె వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని పుస్తకం తెరిచింది. మొదటి పేజీలోనే తన మొహం దగ్గర ఆగిపోయింది. చెయ్యి తనంతట తనే ఎడమ చెంప మీది మచ్చ దగ్గరికి పోయింది.

"మల్ల కుడిదిక్కే వెట్టిన్రు," అంది.

ఆమె పుస్తకాన్ని కొంచెం దూరంగా పట్టుకుని బస్సు మూతి ఎటుందో చూసింది. పేజీలు తిప్పుకుంటూ పోయింది. ఆఖరి గడి దగ్గర, మెట్టు మీది పిన్నీసు చెప్పును, నేల మీద ఆనిన నీలం గోళ్ళను చూసింది. తరవాత వేలు పెట్టి నాకు చూపించింది.

"మర్లొచ్చింది," అంది.